అన్నం మానేసిన షావుకారు

వంటకి కుదిరిన కొత్తలో ఆడపిల్లలు నా దగ్గరికి వచ్చి, “పెద్దమ్మా, ఉప్పు ఎంత వెయ్యాలో ఎలా తెలుస్తుంది?” అని అడుగుతుంటారు. అది అడగక్కర్లేదు, ఆర్నెల్లు చేస్తే చెయ్యే చెబుతుంది. అడగాల్సిన మాట ఇంకొకటి ఉంది. విస్తరి ముందు కూర్చున్న మనిషి “చాలు” అంటే ఏం చెయ్యాలి? నాకు ఆ మాట ఎవరూ చెప్పలేదు. చెప్పకపోబట్టి ఒక నిండు మనిషిని నా చేతి వంటతోనే చావు అంచుదాకా తీసుకువెళ్ళాను. ఆ ఇంటివాళ్ళు నన్ను తిట్టి పంపకుండా మళ్ళీ అదే పొయ్యి దగ్గర నిలబెట్టారు. వాళ్ళ పుణ్యాన ఇవాళ ఈ సంగతి చెప్పగలుగుతున్నాను. నేను చదివింది మూడో తరగతి. తేదీలు నన్ను అడగకండి. ఎవరు ఏ పూట ఏం తిన్నారో అడగండి, చెబుతాను.

అప్పుడు యుద్ధం జరుగుతోంది. బెజవాడలో బియ్యానికి రేషను కార్డులు వచ్చాయి. మా ఆయన పోయిన మరుసటి ఏడు, గవర్నర్‌పేటలో ఒక నూలు షావుకారు గారింట్లో నేను వంటకి చేరాను. ముందు వీధి వైపు కొట్టు, వెనక ఇల్లు. షావుకారు గారిది మంగళగిరి. పాతికేళ్ళు వచ్చేదాకా మగ్గం మీద కూర్చుని నేసిన మనిషి. తరవాత బెజవాడ వచ్చి నూలు బేళ్ళు, చీరలు అమ్మే కొట్టు పెట్టుకున్నారు. మగ్గం మీద ఉన్నప్పుడు కాళ్ళూ చేతులూ ఆడేవి. కొట్లో దిండుకి ఆనుకుని కూర్చుంటే ఆడేది నోరొక్కటే. నలభై దాటేసరికి తొమ్మిది మణుగుల మనిషయ్యారు, ఇప్పటి లెక్కలో నూరు కిలోల పైమాటే. ఊళ్ళో జనం రేషను బియ్యంతో చిక్కిపోతుంటే, అత్తవారి ఊరి నించి ధాన్యం బస్తాలు దిగే ఆ ఇంట్లో మాత్రం గిన్నెలు పొంగిపోయేవి.

ఇంట్లో షావుకారు గారూ, ఆయన భార్య అమ్మగారూ, ఆయన తల్లి మామ్మగారూ. పిల్లలు అమ్మమ్మగారింట్లో ఉండి చదువుకునేవాళ్ళు. వంటిల్లు అమ్మగారిది అని పేరే గానీ, వడ్డన మామ్మగారి రాజ్యం. సన్నగా, వంగిపోయి ఉండే మనిషి, మాట మాత్రం పదిళ్ళకి వినపడేది. నేను చేరిన మొదటి రోజే నాకు పాఠం చెప్పింది.

“ఏమే, విస్తట్లో అన్నం అయిపోయాక వెయ్యటం వడ్డన కాదే, ముష్టి. అయిపోకముందే వెయ్యాలి.”

“వద్దంటేనో మామ్మగారూ?”

“మగాడు వద్దంటే మొహమాటం. రెండోసారి వద్దంటే ఇంకా మొహమాటం.”

ఆ పాఠం నాకు బాగా వంటబట్టింది. షావుకారు గారు విస్తరికి చెయ్యి అడ్డం పెడితే, వేళ్ళ సందుల్లోంచి నెయ్యి పోసేదాన్ని. ముద్దపప్పు అయ్యాక పులుసు, పులుసు అయ్యాక గోంగూరతో ఇంకోసారి, పెరుగన్నం రెండు మార్లు. పూటకి సోలెడు బియ్యం ఆయన ఒక్కరికే. ఆయన తేన్చి లేస్తే మామ్మగారు నా వైపు చూసి తల ఊపేది. జీతం కన్నా ఆ తల ఊపే నాకు ఎక్కువ ఆనందంగా ఉండేది.

ఒకరోజు కొట్లో నూలు బేలు పక్కకి జరపబోయి ఆయన అక్కడే కూలబడ్డారు. పొత్తికడుపు కుడి పక్క నిమ్మకాయంత ఉబ్బు పైకి వచ్చింది. పడుకుంటే లోపలికి పోతుంది, నిలబడితే మళ్ళీ వస్తుంది. పేరున్న డాక్టరు గారు ఇంటికే వచ్చి చూశారు. నేను గుమ్మం పక్కన వేణ్ణీళ్ళ గిన్నె పట్టుకుని నిలబడి అంతా విన్నాను.

“పేగు జారింది. కుట్టెయ్యాలి,” అన్నారు. “కానీ ఇంత కొవ్వు మీద కత్తి పెడితే కుట్టు నిలవదు. మత్తిస్తే మీకు ఊపిరి అందుతుందో లేదో నాకే నమ్మకం లేదు. రెండు మణుగులు తగ్గి రండి, చేస్తాను.”

“ఈలోపల ఏమన్నా అయితేనండీ?” అన్నారు అమ్మగారు.

“ఈలోపల పేగు మెలిపడిందా, నేనొచ్చేసరికి ఏమీ మిగలదమ్మా.”

వెనకాల గదిలో మామ్మగారు గోడకి చేరగిలబడిపోయింది. షావుకారు గారి తండ్రి పోయింది ఆ జబ్బుతోనే అని అమ్మగారు తరవాత నాకు చెప్పారు.

షావుకారు గారు పట్టుదల మనిషి. మర్నాటి నించీ లంఖణం మొదలుపెట్టారు. పొద్దున మజ్జిగ, సాయంత్రం మజ్జిగ, అంతే. డాక్టరు గారు చెప్పింది అది కాదు. మరి తగ్గటమంటే మా అందరికీ తెలిసింది అదొక్కటే. మామ్మగారు ఆ వారం రోజులూ పిచ్చిదానిలా తిరిగింది. “నా కొంపలో మళ్ళీ లంఖణమా” అంటూ గొణిగేది. తల్లి ప్రాణం కదా అనుకున్నాం. ఎనిమిదో రోజున ఆయన బేరం చేస్తూ చేస్తూ కళ్ళు తిరిగి పడిపోయారు. మామ్మగారు సున్నుండలు పట్టుకుని కొట్లోకే పరిగెత్తింది. ఆ వారం ఆయన ముందుకన్నా ఎక్కువ తిన్నారు. పోయిందంతా వచ్చేసింది.

ఈసారి డాక్టరు గారు కోప్పడ్డారు. “ఎనిమిది రోజులు పస్తుండి తొమ్మిదో రోజున పండగ చేసుకోమన్నానా? బతికినన్నాళ్ళూ తినగలిగిన తిండి పట్టుకోండి. రాత్రి అన్నం మానెయ్యండి. పగలు సగం చెయ్యండి. రోజూ కాలవ గట్టు మీద నడవండి.” వెళ్ళబోతూ నన్ను చూసి, “వంట నువ్వేనా అమ్మా? ఆయన ప్రాణం నీ గరిట మీద ఉంది, చూసుకో,” అన్నారు.

నా ఛాతీ ఉప్పొంగింది. పెద్ద డాక్టరు గారు నాకు పని చెప్పారు!

ఇక వినండి నేను చేసిన ఘనకార్యం. మా వైపు ఇళ్ళల్లో అన్నం ఒక్కటే తిండి. మిగతాది ఏది తిన్నా ‘పలహారం’ కింద లెక్క. శనివారం రాత్రి ఒంటిపొద్దున్న మనిషి పది ఇడ్లీలు తిన్నా, “ఈ పూట ఏమీ తినలేదండీ” అనే అంటాడు. అందులో అబద్ధం లేదు, నిజంగా అలాగే నమ్ముతాడు. నేనూ అలాగే నమ్మాను. రాత్రి అన్నం మానెయ్యమన్నారు కదా, సరే, పలహారం చేద్దాం అనుకున్నాను. ఒకరోజు దిబ్బరొట్టె, ఇంత మందాన, అడుగున నెయ్యి కారేటట్టు. పక్కన బెల్లం పానకం. ఇంకోరోజు పెసరట్టు మీద ఉప్మా. ఒకరోజు పూరీలు. అన్నం తినని మనిషి నీరసిస్తాడని జీడిపప్పు కూడా వేసేదాన్ని. మామ్మగారు దగ్గర కూర్చుని, “పాపం బిడ్డ, మెతుకు ముట్టకుండా ఎన్నాళ్ళిలా” అని కన్నీళ్ళు పెట్టుకుంటూ నా చేత రెండో రొట్టె వేయించేది.

నలభై రోజులు ఆయన రాత్రి అన్నం వైపు చూడలేదు. ఒక్క మెతుకు ముట్టలేదు! అమ్మగారు అందరికీ చెప్పుకునేవారు. కొట్టుకి వచ్చేవాళ్ళు ఆయన నిగ్రహాన్ని మెచ్చుకునేవాళ్ళు.

నలభై ఒకటో రోజు పొద్దున తూయించుకున్నారు. కొట్లో నూలు బేళ్ళు తూచే పెద్ద తక్కెడ ఒకటి ఉండేది. ఒక పళ్ళెంలో ఆయన కాళ్ళు ముడుచుకుని కూర్చుంటే, గుమాస్తా గారు రెండో పళ్ళెంలో తూకపు గుళ్ళు పెడుతూ వచ్చారు. ఎదుటి కొట్టాయన అరుగు మీంచి, “షావుకారూ, తులాభారమా? ఎదర పెట్టేది బంగారమా బెల్లమా?” అన్నాడు. అందరూ నవ్వారు, ఈయన కూడా నవ్వారు. గుమాస్తా గారు ఒక గుండు తీసి చూశారు, మళ్ళీ పెట్టారు. ఇంకొకటి చిన్నది పెట్టారు. అప్పుడు గానీ పళ్ళేలు సమానం కాలేదు.

“ఎంతయ్యా?” అన్నారు షావుకారు గారు.

గుమాస్తా గారు తక్కెడ తాళ్ళు సర్దుతూ, “తొమ్మిది మణుగుల... వీశన్నర అండీ. గుళ్ళే తేడా ఉన్నట్టుంది.”

గుళ్ళలో తేడా లేదు. వీశన్నర పెరిగారు, అంటే రెండు కిలోలు.

ఆ మనిషి మొహం నేనెప్పటికీ మరిచిపోలేను. పళ్ళెంలోంచి దిగటానికి ఇద్దరు చెయ్యి ఇవ్వాల్సి వచ్చింది. లోపలికి వచ్చి, “నేను పోతాను. నా గీత అంతే, మా నాన్నలాగే పోతాను,” అన్నారు. ఆ మాట అరిచి చెబితే బాగుండేది. మెల్లిగా అన్నారు.

సాయంత్రం డాక్టరు గారు వచ్చారు. “అన్నం మానేశారా?” “ముట్టలేదండీ.” “మరేం తిన్నారు?” “ఏమీ తినలేదండీ,” అన్నారు అమ్మగారు. “ఏదో కాస్త పలహారం.” డాక్టరు గారు నన్ను పిలిచారు. “ఏం చేశావో చెప్పమ్మా, మొదటి రోజు నించీ.”

నా జ్ఞాపకం మంచిదని చెప్పాను కదా. నలభై రాత్రులూ వరసగా అప్పజెప్పాను. దిబ్బరొట్టెలు ఎన్ని, నెయ్యి ఎంత, పానకం ఎన్ని గ్లాసులు. చెబుతూ చెబుతూ ఉండగానే నేను చేసిందేమిటో నాకే అర్థమైంది. అయినా ఆపలేదు, నలభయ్యోదాకా చెప్పాను. డాక్టరు గారు మొదట నవ్వు ఆపుకోలేకపోయారు. తరవాత కళ్ళద్దాలు తీసి తుడుచుకుంటూ, “అన్నమే పెట్టి ఉంటే ఇంత పెరిగేవారు కాదమ్మా,” అన్నారు.

అమ్మగారు లేచారు. “దీన్ని పంపించెయ్యండి. ఇంక దీని చేతి నీళ్ళు కూడా వద్దు.”

నేను తలుపు వైపు తిరిగాను కూడా. నా మీద ఆధారపడి ఊళ్ళో మా అమ్మ ఉంది. ఏం చెప్పుకుంటూ వెళ్ళాలో తెలియలేదు. అప్పుడు షావుకారు గారు మంచం మీంచి అన్నారు:

“ఆగమ్మా. వండింది నువ్వు, తిన్నది నేను. రొట్టె రొట్టేనని నాకు మాత్రం తెలియదా?” భార్య వైపు చూసి, “మగ్గం మీద తప్పు పడితే చీర అవతల పారెయ్యం. తప్పు పడ్డ చోటుదాకా పోగు విప్పుకుని, అక్కణ్ణించి మళ్ళీ నేస్తాం. ఎక్కడ తప్పు పడిందో ఈవిడకి ఒక్కపోగు వదలకుండా తెలుసు. కొత్త మనిషిని పెడితే మళ్ళీ మొదటి నించీ.”

నలభై ఏళ్ళ వంట పనిలో నాకు పట్టుచీరలు పెట్టినవాళ్ళున్నారు. ఆ మాటంత విలువైనది ఎవరూ పెట్టలేదు.

మర్నాటి నించీ విప్పుకుంటూ వచ్చాను. రాత్రి పలహారం అంటూ లేదు. రెండు జొన్న రొట్టెలు, గిన్నెడు తోటకూరో పొట్లకాయో. మామ్మగారు ముక్కు చిట్లించింది. “జొన్నలా! నీళ్ళు లేని మెట్ట ఊళ్ళ తిండి. కాలవ కింద పుట్టినవాడికి అదేం ఖర్మే?” పగలు మర బియ్యం మాని దంపుడు బియ్యం, అదీ ఒక్కసారిగా కాకుండా వారానికి ఇంత చొప్పున తగ్గించి, సోలెడు నించి అరసోలకి తెచ్చాను. ముందు కూర, తరవాత పప్పు, ఆకలి సగం చల్లారాక అన్నం. నెయ్యి గిన్నెతో కాకుండా చెంచాతో. ఇవన్నీ తేలికే. నాకు కష్టమైంది చెయ్యి ఆపుకోవటం. ఆయన “చాలు” అనేవారు, నా చెయ్యి దానంతటదే గిన్నె వైపు వెళ్ళేది. ఒక చేత్తో ఇంకో చెయ్యి పట్టుకుని నిలబడేదాన్ని. ఆయన ఇబ్బంది ఆయనది. మొదటి పదిహేను రోజులూ సాయంత్రాలు వంటింటి గుమ్మం దాకా వచ్చి, వాసన చూసి, “ఏం లేదుగా?” అని వెళ్ళిపోయేవారు. ఆ గుమ్మం దాటి రాలేదు. పొద్దున్నే కాలవ గట్టు మీద నడిచి వచ్చి, చొక్కా తడిసిపోయి కూర్చునేవారు.

నెల తిరిగేసరికి రెండు వీశలు తగ్గారు. ఎదుటి కొట్టాయన హాస్యం తగ్గించాడు. ఇంకో నెలకి ఇంకో రెండు. మామ్మగారు మాత్రం నాతో మాట్లాడటం మానేసింది.

అంతలో పెద్దాయన తద్దినం వచ్చింది. షావుకారు గారి తండ్రిది. ఆ రోజు గారెలు, బూరెలు, పరమాన్నం, నాలుగు కూరలు, అన్నీ చెయ్యాల్సిందే. ఆయన పొద్దుటి నించీ ఏమీ తినకుండా క్రతువు ముగించి, మధ్యాహ్నం దాటాక విస్తరి ముందు కూర్చున్నారు. కడుపు మాడిపోతున్న మనిషి. నేను కూరలు వేసి, ఒక గారె, ఒక బూరె పెట్టాను. మామ్మగారు రెండు నెలల తరవాత మొదటిసారి వడ్డనకి వచ్చింది. బూరెల పళ్ళెం ఒక చేతిలో, నేతి గిన్నె ఇంకో చేతిలో.

“చాలమ్మా,” అన్నారాయన.

“మీ నాన్న పేరున వండింది. వద్దనకూడదు.” రెండు బూరెలు పడ్డాయి. నెయ్యి పడింది.

“అమ్మా, చాలు.”

“తిను నాయనా.” ఇంకొకటి.

ఆయన వేళ్ళు బూరె వైపు వెళ్ళాయి. మొదటి బూరె తింటే రెండోది ఆగదని ఆయనకి తెలుసు, నాకూ తెలుసు. రేపణ్ణించీ మళ్ళీ పాత లెక్కే. నేను ఏం చేస్తున్నానో తెలియకుండానే వెళ్ళి మామ్మగారి మణికట్టు పట్టుకున్నాను. పనిమనిషిని, ఇంటి పెద్ద చెయ్యి, అదీ తద్దినం రోజున.

“వద్దు మామ్మగారూ. ఆయన చాలన్నారు.”

అమ్మగారి చేతిలో చెంబు అలాగే ఆగిపోయింది. మామ్మగారు నన్ను కొడుతుందనుకున్నాను. ఆవిడ పళ్ళెంతో సహా కింద కూలబడి ఏడవటం మొదలుపెట్టింది.

“మీ నాన్నకి ఈ జబ్బొచ్చినప్పుడు వైద్యుడు లంఖణం పెట్టమన్నాడురా. మూడు రోజులు. ఆఖరి పూట ‘ఒక్క ముద్ద పెట్టవే’ అని అడిగాడు. నేను పెట్టలేదు. తినకుండానే పోయాడు. ఆ మనిషిని ఆకలితో పంపాను. నిన్ను కూడా పంపమంటే నా వల్ల కాదురా అబ్బాయ్.”

ముప్ఫై ఏళ్ళు ఆ మాట ఎవరికీ చెప్పలేదట. ఆ ముప్ఫై ఏళ్ళూ కొడుకు విస్తట్లో వేసిన ప్రతి కొసరూ ఆ పెద్దాయనకి పెట్టని ముద్దే.

షావుకారు గారు ఎంగిలి చెయ్యి అలాగే ఉంచి, ఎడం చేత్తో తల్లి భుజం పట్టుకున్నారు. “నేను ఆకలితో లేనమ్మా. చూడు, ఎన్ని కూరలున్నాయో. బీరకాయ బాగుంది. నీ చేత్తో ఇంకాస్త వెయ్యి.”

ఆవిడ కొంగుతో కళ్ళు తుడుచుకుని నా వైపు చూసింది. “వెయ్యచ్చా?”

నన్ను! ఆవిడ నన్ను అడిగింది.

“ఎంతైనా వెయ్యండి మామ్మగారూ. బీరకాయకి, పొట్లకాయకి అడ్డు చెప్పేవాళ్ళు లేరు.”

ఆ రోజు నించీ ఆ ఇంట్లో కూరల వడ్డన మామ్మగారిది. చూడాలి ఆ కొసరటం! “ఇంకో గరిట తోటకూర. ఏం, నా మీద ఒట్టు. ఈ సొరకాయ ముక్క ఎవరికి మిగిల్చావు?” అని ఆయన వేళ్ళ సందుల్లోంచి కూర వేసేది. పాపం ఆయనకి తోటకూర అంటే వెగటు పుట్టి, “వంటమ్మా, కాపాడవే” అని నన్ను పిలిచేవారు. నేను వినపడనట్టు పొయ్యి ఊదుకునేదాన్ని. రోజూ బజారుకి వెళ్ళి కూరలు ఏరి తెచ్చే పని కూడా ఆవిడే తీసుకుంది.

పది నెలలు పట్టింది. ఒక నెల తగ్గలేదు, ఒక నెల పెళ్ళిళ్ళ కాలంలో అరవీశ పెరిగారు కూడా. మళ్ళీ పోగు విప్పుకున్నాం. ఏడు మణుగులకి దిగిన రోజున డాక్టరు గారే కొట్టుకి వచ్చి తక్కెడ ముల్లు చూసుకుని, ఆసుపత్రిలో మంచం చూస్తానన్నారు.

ఆపరేషను అయ్యింది. ఆయన తరవాత ఇరవై ఏళ్ళ పైన బతికారు. మళ్ళీ ఎనిమిది మణుగులు దాటలేదు. నేను ఆ ఇంట్లో పన్నెండేళ్ళు చేశాను, ఆ తరవాత వెళ్ళిన ప్రతి ఇంట్లోనూ వద్దన్న మనిషికి రెండోసారి వెయ్యలేదు. కొన్ని ఇళ్ళల్లో పీనాసి వంటమనిషి అన్నారు. అననివ్వండి.

ఆపరేషనైన మూడో రోజున డాక్టరు గారు పల్చటి జావ పట్టించమన్నారు. నేను కాచి ఆసుపత్రికి తీసుకువెళ్ళాను. మంచం పక్కన మామ్మగారు కూర్చుని ఉంది. గిన్నె ఆవిడ చేతికిచ్చాను. కొడుకు తల ఒక చేత్తో ఎత్తి, చెంచాతో పట్టింది. ఒకటి, రెండు, మూడు. నాలుగోది నోటి దాకా తీసుకువెళ్ళింది.

“చాలమ్మా,” అన్నారాయన.

మామ్మగారు కొడుకు మొహంలోకి చూసింది, చాలాసేపు చూసింది. తరవాత చెంచా గిన్నెలో వేసి, గిన్నె కింద పెట్టి, కొంగుతో ఆయన మూతి తుడిచింది.